అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు విజిటర్ వీసా: ఫారం నుంచి ఐ-94 దాకా

"అమ్మానాన్నల్ని అమెరికా రప్పించాలి, బ్యాంకు బ్యాలెన్సు ఎంత చూపించాలి?" చాలామంది మొదట అడిగేది ఇదే. నిజానికి ఇది ఆఖర్న ఆలోచించాల్సిన విషయం. బీ1/బీ2 విజిటర్ వీసా ఇంటర్వ్యూ సాధారణంగా రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఆ కాసేపూ ఆఫీసరు ముందు స్క్రీన్ మీద ఉండేది ఆన్‌లైన్‌లో నింపిన వీసా దరఖాస్తు, అంటే డీఎస్-160 ఫారమే. దాన్ని నింపేది డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకో కూతురో. జవాబు చెప్పాల్సింది ఖమ్మంలోనో తెనాలిలోనో ఉన్న అమ్మానాన్న. ఫారంలో ఏముందో వాళ్లకి తెలియదు.

అందుకే ఇక్కడ ఫారానికీ ఇంటర్వ్యూకీ ఎక్కువ చోటిచ్చాను. మిగతావి ఎంత కావాలో అంతే.

## 1. ముందు వరస తెలుసుకోండి

పాస్‌పోర్టు సరిచూడటం, డీఎస్-160 నింపడం, అపాయింట్‌మెంట్ సైట్‌లో ప్రొఫైల్, ఫీజు, రెండు స్లాట్లు, వేలిముద్రలు, ఇంటర్వ్యూ, పాస్‌పోర్టు తెచ్చుకోవడం. పని ఈ వరసలోనే నడుస్తుంది.

విమాన టికెట్లు ఈ వరసలో లేవు. వీసా ముద్ర పడిన పాస్‌పోర్టు చేతికి వచ్చాకే టికెట్ కొనండి. "టికెట్ చూపిస్తే నమ్ముతారు" అని ఎవరైనా చెబితే పట్టించుకోకండి.

భార్యాభర్తలిద్దరూ వెళ్తుంటే ఎవరి ఫారం వారిది, ఎవరి ఫీజు వారిది. అపాయింట్‌మెంట్ మాత్రం ఒకే ప్రొఫైల్ కింద ఇద్దరికీ కలిపి తీసుకోవచ్చు. ఇంటర్వ్యూకి ఇద్దరూ ఒకే కిటికీ దగ్గరికి వెళ్తారు.

## 2. పాస్‌పోర్టులో తప్పుంటే అక్కడే ఆగండి

ఫారం, స్లాట్, వీసా అన్నీ పాస్‌పోర్టు నంబరు మీదే ఆధారపడతాయి. పేరులో స్పెల్లింగ్, పుట్టిన తేదీ తప్పుంటే ముందు పాస్‌పోర్టు సరిచేయించి తర్వాతే ఫారం తెరవండి.

చూడాల్సినవి:

- అమెరికాలో ఉండాలనుకున్న రోజులు పోను కనీసం 6 నెలల గడువు మిగిలి ఉందా
- ఖాళీ పేజీలు ఉన్నాయా, పేజీలు చిరగలేదు కదా
- ఇంటిపేరు దాని గడిలో ఉందా, లేక పేరు మొత్తం ఒకే గడిలో ఉందా
- పాత పాస్‌పోర్టులు దొరికాయా (పాత వీసాల వివరాలు అందులోనే ఉంటాయి)

మన తెలుగువాళ్లకి ఎక్కువ తలనొప్పి ఇంటిపేరుతోనే. పాత పాస్‌పోర్టుల్లో చాలామందికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా గివెన్ నేమ్ గడిలో ఉంటుంది. అలా ఉంటే డీఎస్-160లో ఆ పేరు మొత్తాన్ని సర్‌నేమ్ గడిలో రాసి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (FNU, అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పెట్టాలి. ఫారం బాగుండాలని ఇంటిపేరును మీరే విడదీయకండి. వీసా కూడా అలాగే అచ్చవుతుంది, కంగారుపడక్కర్లేదు.

అమ్మ పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంటే ఫారంలోనూ అదే రాయాలి. పెళ్లయ్యాక మార్చుకుని ఉంటే, "ఇతర పేర్లు ఎప్పుడైనా వాడారా" అన్నచోట అవును పెట్టి పుట్టింటి పేరు ఇవ్వాలి. పుట్టిన ఊరు వరంగల్ అయినా పాత పాస్‌పోర్టులో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది. రాష్ట్రం విడిపోయింది కదా అని మార్చకుండా పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి.

## 3. ఫారం తెరవకముందే ఫోన్‌లో అడిగి రాసుకోండి

డీఎస్-160 పేజీని 20 నిమిషాలు కదిలించకుండా వదిలేస్తే మూసుకుపోతుంది. మధ్యలో నాన్నకి ఫోన్ చేసి "మీరు రిటైరైంది ఏ నెలలో?" అని అడుగుతూ కూర్చుంటే పని తెమలదు. ఒక ఆదివారం గంటసేపు వీడియో కాల్‌లో ఇవన్నీ రాసుకోండి:

- తాతయ్య, నానమ్మ, అమ్మమ్మల పేర్లు, తెలిసినంతవరకు పుట్టిన తేదీలు
- ఉద్యోగం లేదా వ్యవసాయం, వ్యాపారం వివరాలు, నెల ఆదాయం రూపాయల్లో
- గత 5 ఏళ్లలో చేసిన పనులు, చదువు
- గత 5 ఏళ్లలో వెళ్లిన దేశాలు
- గత 5 ఏళ్లలో వాడిన ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు, సోషల్ మీడియా ఖాతాలు
- పాత అమెరికా వీసా ఉంటే దాని నంబరు, తేదీలు; ఎప్పుడైనా తిరస్కరణ ఉంటే ఎప్పుడు, ఎక్కడ
- అమెరికాలో ఉన్న పిల్లలు, తోబుట్టువులు, వాళ్ల స్టేటస్

నాన్న "నాకు ఫేస్‌బుక్ లేదు" అంటారు. ఫోన్ తీసుకుని చూడమనండి. పెళ్లి ఫొటోలకి లైకులు కొట్టే ఖాతా ఒకటి తప్పకుండా బయటపడుతుంది.

## 4. డీఎస్-160: తప్పులు జరిగే చోట్లు

మొదటి పేజీలో ఇంటర్వ్యూ జరిగే నగరాన్ని ఎంచుకోవాలి. తర్వాత వచ్చే అప్లికేషన్ ఐడీని, సెక్యూరిటీ ప్రశ్న జవాబును అక్కడికక్కడే రాసి పెట్టుకోండి. అవి లేకపోతే సగంలో ఆపిన ఫారాన్ని మళ్లీ తెరవలేరు. ప్రతి పేజీ తర్వాత సేవ్ నొక్కుతూ వెళ్లండి.

ప్రయాణ కారణం. బీ వర్గం ఎంచుకుని, దాని కింద బీ1/బీ2 పెట్టండి. తేదీలు అంచనాగా ఇస్తే చాలు. ఎన్నాళ్లు ఉంటారన్నది మాత్రం ఆలోచించి రాయండి. చాలామంది అలవాటుగా 6 నెలలు అని కొట్టేస్తారు. నాన్న ఇంకా ఉద్యోగంలో ఉంటే ఆరు నెలలు సెలవు ఎవరిస్తారని ఆఫీసరుకి అనుమానం రావడం సహజం. నిజంగా అనుకున్నది ఎంతో అదే రాయండి.

ఖర్చు ఎవరిది. తల్లిదండ్రులే పెట్టుకుంటే సెల్ఫ్. పిల్లలు పెడుతుంటే పిల్లల పేరు. పిల్లలు పెట్టడం తప్పేమీ కాదు. ఫారంలో కూతురి పేరు పెట్టి, కిటికీ దగ్గర నాన్న పౌరుషంగా "నా డబ్బుతోనే వెళ్తున్నా" అంటేనే చిక్కు.

అమెరికాలో బంధువులు. ఒక్కరినీ దాచకండి. కొడుకు హెచ్-1బీ మీద ఉన్నా, ఎఫ్-1 మీద చదువుతున్నా నాన్-ఇమ్మిగ్రెంట్ అనే వస్తుంది. గ్రీన్‌కార్డు చేతికి వస్తేనే పర్మనెంట్ రెసిడెంట్. "ప్రాసెస్‌లో ఉంది" అంటే రాలేదనే అర్థం.

మీ తరఫున ఇమ్మిగ్రెంట్ పిటిషన్ ఎవరైనా వేశారా. రెండు వైపులా తప్పులు పడేది ఈ ప్రశ్న దగ్గరే. కొడుకు కోసం కంపెనీ వేసిన గ్రీన్‌కార్డు పిటిషన్ తల్లిదండ్రుల తరఫున వేసినది కాదు. కాబట్టి ఆ ప్రశ్నకి "లేదు" (నో) అనే పెట్టాలి. కానీ ఏళ్ల క్రితమే వెళ్లి సిటిజన్ అయిన మేనమామ, "చెల్లెలికి కూడా వేసి పెడతా" అని అమ్మ పేరున ఐ-130 (బంధువుల కోసం వేసే గ్రీన్‌కార్డు పిటిషన్) వేసి ఉండవచ్చు. తోబుట్టువుల కోటాలో నిరీక్షణ ఏళ్ల తరబడి సాగుతుంది కాబట్టి ఇంట్లో అందరూ మర్చిపోతారు. అమెరికా రికార్డులు మర్చిపోవు. అమ్మని, ఆ మామయ్యని అడిగాకే ఈ గడి నింపండి.

వృత్తి. రిటైరైతే రిటైర్డ్, ఇంటి పని చూసుకుంటే హోమ్‌మేకర్, సాగు చేస్తుంటే అగ్రికల్చర్. వ్యవసాయం చేసే నాన్నని బిజినెస్‌మన్‌గా చూపించాలనే ఆరాటం కొందరికి ఉంటుంది. అనవసరం. ఎన్ని ఎకరాలు, ఏం పండిస్తారు, కౌలుకిచ్చారా సొంతంగా చేస్తున్నారా అన్నవి ఆయన ఎవరడిగినా తడుముకోకుండా చెబుతారు. బిజినెస్ గురించి అడిగితే చెప్పలేరు.

సాయం చేసిందెవరు. ఆఖర్న "ఈ ఫారం నింపడంలో ఎవరైనా సాయం చేశారా" అని ఉంటుంది. కూతురు నింపితే కూతురి పేరు, ఏజెంటు నింపితే ఏజెంటు పేరు ఇవ్వాలి. ఎవరు నింపినా సంతకం కింద నొక్కే బటన్ దరఖాస్తుదారుదే. అందుకని నొక్కేముందు రివ్యూ పేజీలన్నీ అమ్మానాన్నలకి తెలుగులో చదివి వినిపించండి. ఈ గైడ్‌లో ఒక్క పనే చేస్తానంటే ఇది చేయండి.

ఫొటో. 2 అంగుళాల చదరం, తెల్లటి బ్యాక్‌గ్రౌండ్, 6 నెలల్లోపు తీసినది, కళ్లజోడు లేకుండా. అప్‌లోడ్ చేసే జేపెగ్ ఫైలు 240 కేబీ దాటకూడదు.

సబ్మిట్ చేశాక తప్పు కనిపిస్తే అదే ఫారం దిద్దలేరు. పాత వివరాలతో కొత్తది తెరిచి, దిద్ది, మళ్లీ సబ్మిట్ చేయాలి. అప్పుడు కన్ఫర్మేషన్ నంబరు మారుతుంది. అపాయింట్‌మెంట్ ప్రొఫైల్‌లోనూ కొత్త నంబరే ఉండాలి. ఈ రెండూ కలవకపోతే గేటు దగ్గరే ఇబ్బంది.

## 5. ఫీజు, స్లాట్లు

యూఎస్‌వీసాషెడ్యూలింగ్ డాట్ కామ్‌లో ప్రొఫైల్ తెరవాలి. ఫీజు మనిషికి 185 డాలర్లు, రూపాయల్లో కట్టాలి. వీసా రాకపోయినా తిరిగి రాదు. 2025 జులైలో వచ్చిన అమెరికా చట్టంలో మరో 250 డాలర్ల వీసా ఇంటెగ్రిటీ ఫీజు మాట కూడా ఉంది. కాబట్టి పాత వీడియోల్లో చెప్పిన మొత్తాన్ని కాక, కట్టే రోజున సైట్ చూపించిన మొత్తాన్నే నమ్మండి.

స్లాట్లు రెండు తీసుకోవాలి. ఒకటి వేలిముద్రలు, ఫొటో కోసం. దాన్ని ఓఎఫ్‌సీ అంటారు. రెండోది కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. వేలిముద్రలు ముందు రోజు గానీ అంతకుముందు గానీ అయిపోవాలి. హైదరాబాద్‌లో దొరక్కపోతే చెన్నై, ముంబై, ఢిల్లీ, కోల్‌కతాల్లో ఎక్కడైనా తీసుకోవచ్చు. అయితే మోకాళ్ల నొప్పులున్న అమ్మని నెల ముందు వచ్చే స్లాట్ కోసం కోల్‌కతా తిప్పడం అవసరమా అని ఒకసారి ఆలోచించండి.

తేదీ మార్చుకోవడం ఉచితంగా ఒక్కసారే, 2025 జనవరి 1 నుంచి ఇదే నిబంధన. రెండోసారి మార్చాలన్నా, చెప్పకుండా మానేసినా మళ్లీ ఫీజు కట్టాలి. కాబట్టి ముందు దూరపు తేదీ తీసుకుని, ఉన్న ఒక్క మార్పునూ బాగా దగ్గరి తేదీ కనిపించినప్పుడే వాడండి.

స్లాట్ పట్టిస్తామని లాగిన్, పాస్‌వర్డ్ అడిగే ఏజెంట్లకి దూరంగా ఉండండి. 2025 మార్చిలో బాట్ సాఫ్ట్‌వేర్లతో పట్టిన సుమారు 2,000 అపాయింట్‌మెంట్లను భారత్‌లోని అమెరికా ఎంబసీ రద్దు చేసి, ఆ ఖాతాలకు స్లాట్ సౌకర్యం నిలిపేసింది.

ఇంటర్వ్యూ లేకుండా డ్రాప్‌బాక్స్‌లో పని జరుగుతుందా అని అడిగేవారికి: 2025 సెప్టెంబరు 2 నుంచి నిబంధనలు బిగిశాయి. పూర్తి కాలానికి ఇచ్చిన పాత బీ1/బీ2 వీసా గడువు ముగిసి 12 నెలలు దాటకపోతే, అది 18 ఏళ్లు నిండాక వచ్చినదైతే అవకాశం ఉంది. 79 ఏళ్లు దాటినవారికి ఇదివరకు ఉన్న మినహాయింపు ఇప్పుడు లేదు.

## 6. కాగితాలు: ఏవి కావాలి, ఏవి వద్దు

తప్పనిసరి:

- ఇప్పటి పాస్‌పోర్టు, పాత పాస్‌పోర్టులన్నీ
- డీఎస్-160 కన్ఫర్మేషన్ పేజీ, బార్‌కోడ్ స్పష్టంగా
- అపాయింట్‌మెంట్ కన్ఫర్మేషన్

అడిగితే చూపించడానికి:

- పెన్షన్ కాగితం లేదా జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఐటీ రిటర్న్‌లు ఉంటే అవి
- పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి కాగితాల జిరాక్సులు
- పిల్లల వీసా లేదా గ్రీన్‌కార్డు కాపీ, ఉద్యోగం లెటరు, ఇటీవలి పే స్లిప్పులు

చాలాసార్లు ఆఫీసరు రెండో జాబితాలోది ఒక్కటీ ముట్టుకోరు. ఉంచుకోవడం మంచిదే, వాటి కోసం హడావిడి పడటం మాత్రం దండగ. ఆహ్వాన పత్రం, స్పాన్సర్ అఫిడవిట్ ఈ వీసాకి అక్కర్లేదని అమెరికా విదేశాంగ శాఖే చెబుతోంది. వాళ్లు చూసేది ఇక్కడి మీ జీవితాన్ని, అక్కడి పిల్లల హామీని కాదు. వేలు పోసి ఆస్తుల వాల్యుయేషన్ రిపోర్టు చేయించే ఆచారం ఎలా మొదలైందో గానీ, నా లెక్కలో అది వృథా. ఇంటర్వ్యూ వారం ముందు అప్పు తెచ్చి ఖాతాలో వేసే డబ్బు వృథాయే కాదు, అనుమానం కూడా.

## 7. ఆ రెండు రోజులు

వేలిముద్రల కేంద్రం, కాన్సులేట్ ఒకే చోట ఉండవు. హైదరాబాద్ కాన్సులేట్ ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో ఉంది. పాత జ్ఞాపకంతో బేగంపేట వెళ్లేవాళ్లు ఉన్నారు. రెండు కన్ఫర్మేషన్ల మీదా ఉన్న అడ్రసులు విడివిడిగా చూసుకోండి. జిల్లాల నుంచి వచ్చేవారు ముందు రోజు రాత్రికే ఊళ్లో ఉండండి.

కాన్సులేట్ లోపలికి ఫోన్, స్మార్ట్‌వాచ్, పెద్ద బ్యాగు రానివ్వరు. కాగితాలు ఒక పారదర్శకమైన ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఫోన్ పట్టుకుని బయట ఉండే మనిషి ఒకరు ఉంటే అమ్మానాన్నలకి ధైర్యం. పిల్లల పేరు, ఊరు, కంపెనీ, ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసిచ్చి పంపండి. టెన్షన్‌లో కోడలి పేరు కూడా గుర్తురాదు.

చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేసే నమ్మకం ఉంటే చేయండి. వెళ్లేముందు డీఎస్-160 బార్‌కోడ్ నంబరు కూడా ఒకసారి చూసుకోండి.

## 8. కిటికీ దగ్గర

అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం, విజిటర్ వీసా అడిగే ప్రతి ఒక్కరూ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నారని ఆఫీసరు అనుకోవాలి. కాదు, తిరిగి వస్తాను అని నమ్మించాల్సిన బాధ్యత మీది. అడిగే ప్రశ్నలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

తెలుగులో మాట్లాడతామని నిస్సంకోచంగా చెప్పొచ్చు. రాని ఇంగ్లిష్‌లో తడబడటం కన్నా ఇంటి భాషలో సూటిగా చెప్పడం మేలు.

సాధారణంగా వచ్చేవి:

- ఎందుకు వెళ్తున్నారు? ఎవరి దగ్గరికి?
- మీ అబ్బాయి ఏం చేస్తారు? ఎన్నేళ్ల నుంచి ఉన్నారు? ఏ వీసా?
- ఎన్నాళ్లు ఉంటారు? ఖర్చు ఎవరు పెడతారు?
- మీరేం చేస్తారు? ఇక్కడ ఇంకా పిల్లలున్నారా?
- ఇంతకుముందు విదేశాలకి వెళ్లారా?

జవాబు ఒకటి రెండు వాక్యాల్లో ముగియాలి. "మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. మూడేళ్లయింది చూసి. రెండున్నర నెలలు ఉండి, నాట్ల సమయానికి వచ్చేస్తాం." ఇది బాగుంది. ఎందుకొస్తారో వేరే చెప్పక్కర్లేకుండా అందులోనే ఉంది. ఇంకో పాపకి పెళ్లి సంబంధాలు చూస్తున్నాం, మా అత్తగారు మా దగ్గరే ఉంటారు, సర్వీసు ఇంకా నాలుగేళ్లుంది అన్నవీ ఇలాంటివే, నిజమైతే.

దీనికి భిన్నంగా "మావాడు రమ్మన్నాడు, ఎన్నాళ్లుంచుకుంటే అన్నాళ్లు" అనే జవాబు ఆప్యాయంగా వినిపిస్తుంది గానీ ఆఫీసరుకి అది తేదీ లేని ప్రయాణం.

కాన్పు, మనవల విషయం విడిగా చెప్పాలి. కూతురి పురుడుకి వెళ్లి మనవణ్ణి చూసి రావడం విజిటర్ వీసాకి సరిపోయే కారణమే, దాచక్కర్లేదు. కానీ కోడలు ఉద్యోగానికి వెళ్తే డేకేర్ ఖర్చు లేకుండా ఆరేసి నెలలు బిడ్డని పెంచే ఏర్పాటుగా వెళ్తున్నట్టు ఉంటే అది పనికి వెళ్లినట్టు కనబడుతుంది. అసలు ఆలోచన అదే అయితే ప్లాన్‌నే మార్చుకోండి, మాట మార్చి చెప్పకండి. అబద్ధమో దొంగ కాగితమో బయటపడితే శాశ్వతంగా అనర్హులయ్యే సెక్షన్ వేరే ఉంది. 214(బి) తిరస్కరణ దాని ముందు చాలా చిన్న విషయం.

ఇద్దరూ కలిసి వెళ్లినప్పుడు అమ్మని అడిగిన ప్రశ్నకి నాన్న జవాబు చెప్పకూడదు. ఇంటి దగ్గర ఒక్కసారి ప్రాక్టీస్ చేయిస్తే చాలు. కోచింగ్ సెంటర్లో బట్టీ పట్టించిన జవాబులు అదే ఉదయం ఆఫీసరు పదిమంది నోట విని ఉంటారు.

## 9. ఫలితం వచ్చాక

పాస్‌పోర్టు వాళ్లే ఉంచుకుని, వీసా ఇస్తున్నామని చెబితే వచ్చినట్టే. పాస్‌పోర్టు చేతికి రాగానే వీసా మీద పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు చూడండి. తప్పుంటే ప్రయాణానికి ముందే చెప్పి సరిచేయించాలి.

221(జి) కాగితం ఇస్తే అదనపు పత్రాలో, పరిశీలనో మిగిలి ఉన్నాయని. కాగితంలో అడిగింది మాత్రమే, అడిగిన పద్ధతిలోనే ఇవ్వండి.

214(బి) కింద తిరస్కరిస్తే అప్పీలు లేదు. మళ్లీ దరఖాస్తు చేయొచ్చు, మళ్లీ ఫీజుతో. పరిస్థితి ఏమీ మారకుండా అదే ఫారంతో వచ్చే నెల వెళ్లడం నేనైతే వద్దంటాను. ముందు సబ్మిట్ చేసిన ఫారం ప్రింటు తీసి, కిటికీ దగ్గర చెప్పిన జవాబుల్ని ఇద్దరితోనూ గుర్తు చేయించి పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఎక్కడో తరచుగా అక్కడే దొరుకుతుంది. కొత్త ఫారంలో "వీసా ఎప్పుడైనా తిరస్కరించారా" దగ్గర అవును అని తప్పక పెట్టాలి.

## 10. వీసా వేరు, ఉండే గడువు వేరు

మనవాళ్లకి సాధారణంగా 10 ఏళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా వస్తుంది. దానర్థం పదేళ్లు అక్కడ ఉండొచ్చని కాదు. ప్రతిసారీ ఎన్నాళ్లు ఉండాలో అమెరికా ఎయిర్‌పోర్టులో అధికారి నిర్ణయిస్తారు, ఎక్కువగా 6 నెలలు ఇస్తారు. ఆ తేదీ ఐ-94 అనే ఎంట్రీ రికార్డులో ఉంటుంది. ఇంటికి చేరిన రోజే పిల్లలు ఆన్‌లైన్‌లో ఐ-94 తీసి, ఆ తేదీని ఫ్రిజ్ మీద అంటించాలి.

సామానులో చికెన్, మటన్ పచ్చళ్లు, పచ్చి కరివేపాకు పెట్టకండి, వాటికి అనుమతి లేదు. ఆహారం ఏమున్నా అడిగినప్పుడు ఉందని చెప్పాలి.

ఆరోగ్యం బాగోక ఇంకొన్నాళ్లు ఉండాల్సి వస్తే గడువు ముగిసేలోపే ఐ-539 అనే పొడిగింపు దరఖాస్తు వేయాలి. గడువు దాటి ఉండిపోతే ఆ వీసా చెల్లకుండా పోతుంది. అలా గడువు దాటి ఉన్నది 180 రోజులు మించితే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు మళ్లీ రానివ్వరు.

తిరిగొచ్చాక పాస్‌పోర్టు గడువు అయిపోయి కొత్తది తీసుకున్నా, పాతదాంట్లోని వీసా రద్దు కానంతవరకు చెల్లుతుంది. రెండు పాస్‌పోర్టులూ కలిపి తీసుకెళ్లాలి. పాతదాన్ని పారేయకండి, వీసా ఉన్న పేజీని కత్తిరించకండి.